డ్రేకు జలసంధి: కల్లోలసముద్రమును సహించిన విధము

భూగోళపటమున దక్షిణ అమెరికాఖండమును పరికించినచో, అది క్రిందికి పోనుపోను సన్నగిలి, తుదకు హార్ను అగ్రమను దీవికొనతో ముగియుట కనబడును. అచ్చటినుండి దక్షిణమునకు సుమారు 800 కిలోమీటర్ల దూరమున దక్షిణ షెట్లాండు దీవులు గలవు. వాని కావల హిమమయమైన అంటార్కిటికాఖండము గలదు. ఈ రెంటి నడుమనున్న జలమార్గమునకు డ్రేకు జలసంధియని పేరు. 1578వ సంవత్సరమున ఫ్రాన్సిస్ డ్రేకు అను ఆంగ్లేయ నావికుడు మెగెల్లను జలసంధిని దాటి పసిఫిక్ మహాసముద్రమున ప్రవేశించినంతనే తుపాను పట్టి ఆతని ఓడను దక్షిణమునకు తఱిమెను. అందుచే ఆతని పేరే ఈ జలసంధికి నిలిచినది. 1616లో షౌటెన్, లెమేరు అను డచ్చి నావికులు హార్ను అగ్రమును చుట్టి ఈ దారిని ఓడ నడపిరి.

దక్షిణధ్రువప్రాంతమున వేసవి మనకు శీతకాలమగు నవంబరుతో మొదలై మార్చి వఱకు నుండును. ఆ నెలలలో ఇప్పుడు ప్రతియేటను వేలకొలది యాత్రికులు అర్జెంటీనా దేశపు ఉషువాయా రేవున ఓడలెక్కి అంటార్కిటికాను చూడబోవుచున్నారు. పెంగ్విను పక్షులను, తిమింగిలములను, నీలికాంతుల హిమపర్వతములను చూడగోరువారు ముందుగా ఈ జలసంధిని దాటవలెను. దాటుటకు సుమారు రెండు దినములు పట్టును; తిరిగివచ్చునపుడు మఱి రెండు దినములు. ధ్రువద్వారమున చెల్లింపవలసిన సుంకమిదియే యని చెప్పవచ్చును.

ఈ పాఠమున మనము మూడు విషయములను విచారింతము. అచ్చటి సముద్రమేల అంత కఱకైనది? అందు మనుష్యశరీరమునకు కలుగు బాధ యెట్టిది? దానిని సహించినవారు ఏ విధముగా సహించిరి?

1. కెరటము పెరుగు విధము

సముద్రమున కెరటమును పెంచునవి మూడు: గాలియొక్క వేగము, అది యెడతెగక వీచిన కాలము, అడ్డులేక నీటిపై నడచిన దూరము. ఈ మూడవదానిని విద్యార్థులు తఱచుగా మఱచుచుందురు. ఎంత గాలి వీచినను మన ఊరి చెఱువులో తాటిచెట్టంత కెరటము లేవదు. ఆవలి గట్టు దగ్గఱనే యున్నది గదా! బంగాళాఖాతమున తుపాను పుట్టినపుడు లేచు కెరటములను మన తీరవాసులెఱుగుదురు. అయినను ఆ అఖాతమునకు మూడు ప్రక్కల భూమి గలదు. అచ్చటి తుపాను కొన్నిదినములలో ఏదో యొక తీరమును తాకి చల్లాఱును.

దక్షిణాక్షాంశము 56వ డిగ్రీ మొదలు 60వ డిగ్రీ వఱకు భూగోళమును చుట్టి వచ్చినను, కొన్ని చిన్నదీవులు తప్ప, ఖండమనదగినది యేదియు కానరాదు. పడమటినుండి తూర్పునకు వీచు గాలి అచ్చట నిరాటంకముగా తిరుగుచుండును. ఒక కెరటము చల్లాఱకమునుపే వెనుకనుండి మఱొక గాలి దానిని మరల పెంచును. అందుచేతనే పూర్వపు నావికులు నలుబదవ అక్షాంశమును గర్జించు నలుబదులనియు, ఏబదవదానిని రౌద్రపు ఏబదులనియు, అఱువదవదానిని ఆక్రోశించు అఱువదులనియు పేరులు పెట్టిరి.

గాలికి తోడు నీటిప్రవాహమొకటి గలదు. అంటార్కిటికా చుట్టును పడమటినుండి తూర్పునకు పాఱు ఈ ప్రవాహమున సెకండునకు 13 కోట్ల ఘనపు మీటర్లకు తక్కువగాని నీరు కదలుచుండును. ప్రపంచమందలి నదులన్నియు కలిసి సముద్రమున పోయు నీటికి ఇది నూఱురెట్ల కంటె నెక్కువ. ఇంతటి ప్రవాహమును డ్రేకు జలసంధియొద్ద రెండు ఖండములు ఇరుప్రక్కలనుండి ఇఱికించుచున్నవి. ప్రవాహమునకు ఎదురుగా గాలి తిరిగినపుడు కెరటములు నిట్టనిలువుగా లేచి విఱుగును.

గాలి బలమును కొలుచుటకు 1805లో ఫ్రాన్సిస్ బోఫర్టు అను నౌకాధికారి సున్న మొదలు 12 వఱకు అంకెలు గల పట్టికను కూర్చెను. అందు 8వ అంకె గాలి 34 మొదలు 40 నాట్ల వేగముతో వీచును. 12వ అంకె గాలి 64 నాట్లు, అనగా గంటకు సుమారు 118 కిలోమీటర్లు, లేక అంతకు మించి యుండును. డ్రేకు జలసంధి యెల్లప్పుడును ఇట్టి గాలితో నుండునని తలంపరాదు. అద్దమువలె నిశ్చలముగా నున్న దినములును కలవు. అట్టి దినమున నావికులు దానిని డ్రేకు సరస్సని నవ్వుచు పిలుతురు. ఏ దినము సరస్సగునో, ఏ దినము సంగ్రామమగునో బయలుదేరిన యాత్రికుడు కోరుకొనుటకు వీలులేదు.

2. శరీరమునకు కలుగు బాధ

మన చెవి వినుటకు మాత్రమే కాదు. శరీరము నిలుకడగా నున్నదో, ఊగుచున్నదో తెలుపుటకును ఉపయోగపడును. లోపలిచెవియందు వంపు తిరిగిన మూడు సన్నని గొట్టములున్నవి. వానిలోని ద్రవము తల కదలినపుడెల్ల కదలి ఆ వార్తను మెదడునకు చేర్చును. ఓడగదిలో కూర్చున్నవాని కన్నులకు ఎదుటి గోడ కదలక నిలిచియున్నట్లే తోచును. చెవి మాత్రము ఊగుచున్నామని చెప్పును. ఒకే సంగతిని గుఱించి ఇద్దఱు సాక్షులు వేఱువేఱుగా చెప్పినపుడు న్యాయాధిపతి కలతపడినట్లు మెదడు కలతపడును. అప్పుడు తలత్రిప్పుట, చెమటపట్టుట, వాంతి కలుగును.

ఇది పిఱికితనము కాదు. ఆంగ్లేయ నౌకాసేనాని నెల్సను జీవితమంతయు ఈ బాధ ననుభవించెను. 1831 మొదలు 1836 వఱకు బీగిలు ఓడపై భూప్రదక్షిణము చేసిన శాస్త్రజ్ఞుడు చార్లెసు డార్వినును దీనిచే మిక్కిలి బాధపడెను. ఇరువురును తమ పనిని మానలేదు.

ఈ బాధను తగ్గించుకొనుటకు కొన్ని ఉపాయములు గలవు. ఓడ నడిమిభాగమున, క్రింది అంతస్తున ఊపు తక్కువ. అచ్చట నుండుట మేలు. కన్నులును చెవియు ఏకీభవించునట్లు దూరమున ఆకాశము నీటిని కలియు గీతను చూచుచుండవలెను. పుస్తకము చదువరాదు. కడుపు ఖాళీగా నుంచరాదు, నిండుగను నింపరాదు. పొడి ఆహారమును కొంచెము కొంచెముగా తినవలెను. వైద్యుడు మందు నిచ్చినచో కెరటములు లేచిన తరువాత గాక, ముందుగానే మ్రింగవలెను. ఏ ఉపాయమును పనిచేయనిచో పరుండి కన్నులు మూసికొనవలెను.

తలత్రిప్పుటకంటె పడిపోవుట యెక్కువ ప్రమాదము. ఓడ ఒక్కసారిగా ఒరగినపుడు ఎముకలు విఱుగుటయు, తలుపుసందున వ్రేళ్లు నలుగుటయు సంభవించును. నడచునపుడు ఒక చేయి తనకు, ఒక చేయి ఓడకు అని నావికులలో ఒక సామెత గలదు. అనగా ఒక చేయి యెల్లప్పుడును కమ్మినో, త్రాటినో పట్టుకొనియే యుండవలెను. గదిలోని వస్తువులను కెరటములు రాకమునుపే కట్టిపెట్టుకొనవలెను. నేటి ఓడలకు చేప ఱెక్కలవంటి పలకలు నీటిలోపల అమర్చబడి ఊపును కొంత తగ్గించును. అవి యున్నను, కెరటము మిక్కిలి పెద్దదైనపుడు కప్తాను ఓడను ప్రక్కకు కాక ముక్కును కెరటమున కెదురుగా త్రిప్పి, వేగము తగ్గించి, ఓపికగా నడుపును. అవసరమైనచో బయలుదేరుటయే ఆలస్యము చేయును. అప్పుడు తొందరపడి గొణుగుట యాత్రికునకు తగదు.

3. ఆఱుగురి పడవప్రయాణము

గదులు, వైద్యుడు, వేడినీరు గల ఓడలో రెండు దినములు సహించుటయే ఇంత కష్టమైనచో, 7 మీటర్ల పొడవైనను లేని చెక్కపడవలో పదునాఱు దినములు సహించిన ఆఱుగురి మాట యేమి? ఆ చరిత్రను కొంత వివరముగా చెప్పెదము.

సర్ ఎర్నెస్టు షాకిల్టను అంటార్కిటికాను కాలినడకన దాటవలెనని ఎండ్యూరెన్సు అను ఓడపై బయలుదేరెను. 1915 జనవరిలో ఆ ఓడ వెడ్డెల్లు సముద్రపు మంచులో చిక్కుకొనెను. నెలల తరబడి మంచు దానిని నొక్కగా, అక్టోబరులో ఓడవారు దానిని విడిచిరి. నవంబరు 21వ తేదీన అది మునిగెను. (106 ఏండ్ల తరువాత, 2022 మార్చిలో, 3,008 మీటర్ల లోతున ఆ ఓడ కనుగొనబడినది.) ఇరువదియెనిమిదిమందియు మంచుపలకలపై నివసించి, తరువాత మూడు పడవలలో బయలుదేరి, 1916 ఏప్రిలులో డ్రేకు జలసంధికి తూర్పుననున్న ఎలిఫెంటు దీవిని చేరిరి. అది నిర్జనమైన బండదీవి. ఆ దారిని ఓడలు రావు. ఎవరైన వెళ్లి సహాయము తేనిచో అందఱికిని అచ్చటనే మరణము నిశ్చయము.

జనులున్న స్థలములలో గాలికి అనుకూలమైనది సౌత్ జార్జియా దీవి. అది 1,300 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. ఉన్న పడవలలో జేమ్సు కేర్డు అనునదే గట్టిది. కాని దానికి పైకప్పు లేదు. హారీ మెక్నిష్ అను వడ్రంగి పెట్టెమూతలను, బండిచక్కలను అడ్డముగా పఱచి, గడ్డకట్టిన గుడ్డను నిప్పుపై మెత్తబఱచి కుట్టించి, పైకప్పు కట్టెను. పలకల సందులను దీపపు వత్తులతోను, చిత్రకారుని రంగులతోను, సీలు జంతువు రక్తముతోను మూసెను. పడవ బోర్లపడకుండునట్లు అడుగున రాళ్లు నింపిరి. 1916 ఏప్రిలు 24వ తేదీన షాకిల్టను, వోర్స్లీ, క్రీను, మెక్నిష్, విన్సెంటు, మెకార్తీ అను ఆఱుగురు బయలుదేరిరి. ఇరువదియిద్దఱు దీవియందే నిలిచి వారి రాకకై యెదురుచూచుచుండిరి. ఆ ఇరువదియిద్దఱి ప్రాణములును ఈ పడవనే నమ్ముకొనియున్నవని చదువరులు గుర్తుంచుకొనవలెను.

కెరటములపై వారికి ఏ అధికారమును లేదు. తమ పనిపై మాత్రము అధికారము గలదు. కావున వారు పనిని వంతులుగా పంచుకొనిరి. ముగ్గురు నాలుగు గంటలు పనిచేయగా, ముగ్గురు నాలుగు గంటలు తడిసిన నిద్రసంచులలో దూఱి పరుండిరి. పనిచేయువారిలో ఒకడు చుక్కాని పట్టుకొనెను, ఒకడు తెఱచాప చూచెను, ఒకడు నీరు తోడెను. నీరు తోడుట మానినచో పడవ మునుగును. ఇంత సులభమైన లెక్క మఱొకటి లేదు. ఇంత విసుగైన పనియు మఱొకటి లేదు.

గాలి మిక్కిలి చలిగానైనపుడు పడవపై పడిన తుంపరలు గడ్డకట్టి మందముగా పేరుకొనెను. ఆ బరువుచే పడవ నీటిలోనికి క్రుంగసాగెను. అప్పుడు ఒకరి తరువాత నొకరు జాఱుడుగానున్న పైకప్పుపై ప్రాకి గొడ్డలితో మంచును కొట్టివేసిరి. పట్టు తప్పినవాడు మరల దొరకడు. నీరు పీల్చి గడ్డకట్టిన నిద్రసంచులు రెంటిని బరువు తగ్గుటకై సముద్రమున పాఱవైచిరి.

వంట చేయువాడు క్రీను. ఊగుచున్న పడవలో ప్రైమసు పొయ్యిని కాళ్లనడుమ అదిమిపట్టి కుండను చేతపట్టుకొని వండవలెను. ఐనను వేళకు వేడియాహారము తప్పలేదు. ఇచ్చట షాకిల్టనుని గుఱించి వోర్స్లీ తెలిపిన సంగతి యొకటి గలదు. ఎవడైన చలికి మిక్కిలి వణకుచున్నాడని కనిపెట్టినచో ఆయన వెంటనే అందఱికిని వేడిపాలు ఇమ్మని ఆజ్ఞాపించెడివాడు. ఎవని నిమిత్తమో మాత్రము చెప్పెడివాడు కాడు. తానే బలహీనుడనని తెలిసినచో వాడు మఱింత క్రుంగునని ఆయన భయము. ఇంటి పెద్దలును, తరగతి నాయకులును ఈ సంగతిని తలపోయదగును.

దారి కనుగొనుట వోర్స్లీ పని. సెక్స్టంటు అను కోణమాపకయంత్రముతో సూర్యుని ఎత్తును కొలిచి పడవయున్న చోటును లెక్కింపవలెను. ఆకాశము మేఘావృతమగుటచే ప్రయాణమంతటిలో నాలుగుమాఱులు మాత్రమే సూర్యుడు చిక్కెను. తోడివారు పట్టుకొనియుండగా ఊగుచు, కెరటశిఖరమున పడవ నిలిచిన క్షణమున కొలత తీసెను. లెక్క తప్పి దీవి ప్రక్కనుండి పోయినచో ఆవల వేల మైళ్లు నీరే. పాఠశాలలో త్రికోణమితి యెందులకని యడుగు బాలునకు ఇంతకంటె మంచి జవాబు మాకు తెలియదు.

మే 5వ తేదీ రాత్రి షాకిల్టను చుక్కాని పట్టియుండగా ఆకాశమున తెల్లని గీత కనబడెను. మబ్బు విడుచున్నదని ఆయన తోడివారిని పిలిచి చెప్పెను. మఱుక్షణమున తెలిసినది, అది మబ్బు సందు కాదు. ఒక మహాకెరటపు నురుగుశిఖరము. ఇరువదియాఱేండ్ల సముద్రానుభవములో తానంతటి కెరటమును చూడలేదని ఆయన తరువాత వ్రాసెను. పడవ సగము నీటితో నిండెను. చేతికి దొరికిన ప్రతి పాత్రతోను నీరు తోడిరి. కొన్ని నిమిషములకు పడవ మరల తేలికగా లేచెను.

మే 8వ తేదీన సౌత్ జార్జియా కొండలు కనబడెను. కాని ఆ రాత్రియు మఱునాడును ప్రచండమైన తుపాను వారిని బండలవైపు త్రోసెను. అదే తుపానులో 500 టన్నుల స్టీమరు ఒకటి మునిగినదని వారికి తరువాత తెలిసినది. మే 10వ తేదీన వారు తీరము చేరిరి. పిమ్మట షాకిల్టను, వోర్స్లీ, క్రీను మంచుకొండలను దాటి తిమింగిలముల వేటకాండ్ర స్థావరమును చేరిరి. మూడు ప్రయత్నములు విఫలమైన పిదప, 1916 ఆగష్టు 30వ తేదీన, చిలీ దేశపు యెల్చో అను ఓడ లూయిస్ పార్డో నాయకత్వమున ఎలిఫెంటు దీవిని చేరెను. ఇరువదియిద్దఱును సజీవులై యుండిరి.

ఈ కథలో ఒక చేదుమాటయు గలదు. అంతకుముందు మంచుపై నున్నపుడు మెక్నిష్ ఆజ్ఞను ధిక్కరించెనను కారణమున షాకిల్టను ఆతనికి ధ్రువపతకమును సిఫారసు చేయలేదు. పడవను కట్టిన చేతులకు పతకము రాలేదు. కాని ఆతడు మూసిన సందులు పదునాఱు దినములు నిలిచినవి. మహాపురుషుల చరిత్రను చదువునపుడు వారి గొప్పతనముతోపాటు ఇట్టివానిని కూడ దాచక నేర్చుకొనుట సత్యమునకు తగియుండును. జేమ్సు కేర్డు పడవ ఇప్పుడు లండనులో షాకిల్టను చదివిన డల్విచ్ కాలేజీయను పాఠశాలయందు భద్రపఱుపబడియున్నది.

4. మన కాలపు నిదర్శనములు

ధ్రువయాత్రలకై 1969లో ప్రత్యేకముగా కట్టబడిన ఎక్స్ప్లోరరు అను యాత్రికనౌక 2007 నవంబరు 23వ తేదీన దక్షిణ షెట్లాండు దీవులయొద్ద మంచును తాకి చిల్లుపడి మునిగెను. యాత్రికులు, ఓడవారు కలిసి 154 మంది ప్రాణరక్షక పడవలలో దిగి, కొన్ని గంటలు చలిలో వేచియుండగా, నార్వే దేశపు ఓడ వచ్చి అందఱిని ఎక్కించుకొనెను. ఒక్క ప్రాణమును పోలేదు. ఏ ఓడపైనైనను ప్రయాణారంభమున యాత్రికులచే చేయించు అపాయకాలపు అభ్యాసమును వేడుకగా తలచి నవ్వువారు దీనిని గుర్తుంచుకొనవలెను. 2017 జనవరి 1వ తేదీ నుండి ధ్రువసముద్రముల ఓడలకై ప్రత్యేకనిబంధనలు సర్వదేశీయముగా అమలులోనికి వచ్చినవి.

మన దేశమునకు చెందిన నిదర్శనమును గలదు. 2017 సెప్టెంబరు 10వ తేదీన భారత నౌకాదళపు స్త్రీ అధికారులు ఆఱుగురు వర్తికా జోషి నాయకత్వమున గోవానుండి తారిణి అను తెఱచాప నావపై భూప్రదక్షిణమునకు వెడలిరి. ఆ నావ పొడవు సుమారు 17 మీటర్లు. ఆ ఆఱుగురిలో విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతియు, హైదరాబాదునకు చెందిన బి. ఐశ్వర్యయు నుండిరి. పసిఫిక్ సముద్రమున 60 నాట్లకు మించిన గాలిని, 7 మీటర్ల కెరటములను వారెదుర్కొనిరి. 2018 జనవరిలో హార్ను అగ్రమును చుట్టి డ్రేకు జలసంధిని దాటిరి. మే 21వ తేదీన గోవా చేరిరి. తెలుగు ఆడపడుచులు ఆ నీటిపై చుక్కాని పట్టిరన్నమాట తల్లిదండ్రులకును, బాలికలకును సంతోషదాయకము.

5. పాఠసారము

ఓర్చుకొనుమని పెద్దలు చెప్పినపుడు, నోరు మూసికొని కదలక పడియుండుటయే ఓర్పని పిల్లలు తలంచుచుందురు. పై చరిత్రలన్నియు వేఱుగా బోధించుచున్నవి. జేమ్సు కేర్డులోని ఆఱుగురు ఊరక సహించియుండినచో మొదటి దినముననే మునిగియుందురు. వారు నీరు తోడిరి, మంచు కొట్టిరి, వేళకు తినిరి, వంతు వచ్చినపుడు లేచిరి, వంతు తీఱినపుడు పరుండిరి. కెరటమెప్పుడు తగ్గునని కాక, నా వంతు పని యేదియని విచారించిరి. ఓర్పనగా ఇదియే. పంట పోయిన యింటను, దీర్ఘరోగి యున్న యింటను, పరీక్ష తప్పిన విద్యార్థికిని ఇట్టి ఓర్పే పనికివచ్చును. తుపాను కాలమును మనము నిర్ణయింపజాలము. నీరు తోడు పాత్ర మాత్రము మన చేతిలో నున్నది.

అభ్యాసప్రశ్నలు

1. కెరటమును పెంచు మూడు కారణములను వ్రాయుము. చెఱువులో పెద్ద కెరటము లేవకుండుటకు హేతువేమి?

2. ఓడప్రయాణమున తల యేల తిరుగును? దూరపు గీతను చూచుటవలన కలుగు ఉపయోగమేమి?

3. ఎలిఫెంటు దీవినుండి సౌత్ జార్జియా వఱకు జేమ్సు కేర్డు నడచిన మార్గమును పటమున గుర్తింపుము.

4. వేడిపాలు ఒక్కనికే ఇప్పింపక అందఱికిని ఇప్పించుటలో షాకిల్టనుని ఉద్దేశమేమి? నీవు నాయకుడవైనచో ఏమి చేసియుందువు?

5. మెక్నిష్ నకు పతకము రాకపోవుట న్యాయమా? రెండు పక్షములను విచారించి నీ యభిప్రాయమును పది పంక్తులలో వ్రాయుము.